బ్యాట్రీ రామ్‌చందర్, కిషన్‌బాగ్ కారు

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. దయ్యాల కథలు చెప్పేవాళ్ల మీద అసలే లేదు. మా ఆఫీసులో అలాంటివాళ్లు బోలెడుమంది ఉండేవారు. మధ్యాహ్నం క్యారియర్లు విప్పగానే మొదలుపెట్టేవారు. నేను నా గిన్నెలు పట్టుకుని వేరే బల్లకి వెళ్లిపోయేవాణ్ని. కాబట్టి ఇది దయ్యం కథ అనుకుని ఎవరూ సంబరపడక్కర్లేదు. ఇది ఉప్పుగూడలో కార్ల బ్యాటరీలు బాగుచేసే రామ్‌చందర్ సంగతి. ఇందులో నాకు అర్థంకానిది ఒకటి జరుగుతుంది. జరిగింది జరిగినట్టు చెప్పి ఊరుకుంటాను, ఎందుకని మాత్రం నన్నడగొద్దు.

రామ్‌చందర్ది పాల వ్యాపారం చేసే కుటుంబం. వాళ్ల తాతల నాటినుంచీ ఉప్పుగూడలోనే ఉన్నారు. తండ్రి షాలిబండ దాకా సైకిలు మీద పాలు పోసి వచ్చేవాడు. తండ్రి పోయాక, తొంభైల మొదట్లో, రామ్‌చందర్ గేదెల్ని అమ్మేసి అదే కొట్టంలో బ్యాటరీల షాపు పెట్టాడు. గోడకి గేదెల్ని కట్టే ఇనుప కడియాలు అలాగే ఉండేవి, వాటికి వైర్లు తగిలించేవాడు. వానాకాలంలో ఆ షాపులో యాసిడ్ వాసన, పాత పేడ వాసన కలిసి వచ్చేవి. పాల వ్యాపారం ఎందుకు మానేశావని ఎవరైనా అడిగితే, "పాలల్ల నీళ్లు పోస్తె లొల్లి, బ్యాట్రీల నీళ్లు పొయ్యకుంటె లొల్లి. గిదే నయం" అని నవ్వేవాడు.

పని నేర్చుకుంది షాలిబండలో జహంగీర్ ఉస్తాద్ దగ్గర. ఆ రోజుల్లో మెకానిక్కులందరూ బ్యాటరీలో కరెంటు ఉందో లేదో చూడ్డానికి రెండు కొసలకీ వైరు తాకించి నిప్పురవ్వ తెప్పించేవారు. రవ్వ బాగా ఎగిరితే బ్యాటరీ మంచిదని లెక్క. ఉస్తాద్ కూడా అలాగే చేసేవాడు. ఒకరోజు అప్పుడే ఛార్జింగ్ నుంచి తీసిన బ్యాటరీ మీద రవ్వ పడింది. లోపలినుంచి వచ్చే గ్యాసుకి మంట అంటుకుని బ్యాటరీ పేలి, ఉస్తాద్ ఎడమ కన్ను పోయింది. రామ్‌చందర్ పక్కనే ఉన్నాడు. ఆనాటినుంచి తన షాపులో ఎవరైనా రవ్వ తెప్పించబోతే చెయ్యి పట్టి లాగేసేవాడు.

ఇంకో అలవాటు కూడా ఉంది. దానికి నాకు ఒళ్లు మండేది. ఏ బండి వచ్చినా వెంటనే చెయ్యి వేసేవాడు కాదు. తాళంచెవి తీయించి, తలుపులు మూయించి, చాయ్ తెప్పించుకుని కూర్చునేవాడు. అడిగితే, "జర పండనీయాలె సారూ" అనేవాడు, అంటే కాస్త నిద్రపోనివ్వాలని. గేదె అయినా కారు అయినా బెదిరి ఉన్నప్పుడు దగ్గరికి పోకూడదట. నా స్కూటరుకీ అదే మర్యాద. ఆఫీసుకి ఆలస్యమైపోతోందని నేను అరుస్తుంటే అతను చాయ్ ఊదుకుంటూ స్కూటరు వంక చూస్తూ కూర్చునేవాడు. అయినా నేను వేరే షాపుకి వెళ్లలేదు. దాదాపు పదిహేనేళ్లు అక్కడే అరిచాను.

రెండువేల సంవత్సరం దాటాక కొత్త రకం కార్లు రావడం మొదలైంది. వాటిలో కొన్నింటికి బ్యాటరీ మైనస్ వైపు, వైరు బిగించే చోట, ఒక చిన్న నల్లటి డబ్బీ ఉండేది. దాన్ని సెన్సర్ అంటారు. బ్యాటరీలోకి ఎంత కరెంటు వెళ్లింది, ఎంత బయటికొచ్చింది, ఎంత వేడెక్కింది అని చూసి కారుకి చెప్పడమే దాని పని. రామ్‌చందర్ దానికి లెక్కలోడు అని పేరు పెట్టాడు. నేను అకౌంట్స్ ఆఫీసులో గుమాస్తాని. "గిది మీ లెక్కనే సారూ, చేసేదేం లేదు, రాసుకుంట కూసుంటది" అని ఆటపట్టించేవాడు. మొదటిసారి దాన్ని మామూలు బిగింపే అనుకుని సుత్తితో తట్టి పగలగొట్టాడు. కారు యజమానితో నానా మాటలూ పడ్డాడు. తర్వాత బంజారాహిల్స్‌లో పెద్ద వర్క్‌షాపులో పనిచేసే ఒకాయన్ని పట్టుకుని, సెలవు రోజుల్లో వెళ్లి, దాన్ని ఎలా తీయాలో ఎలా పెట్టాలో నేర్చుకున్నాడు.

ఇక గోపాలకృష్ణమూర్తిగారి సంగతి. ఆయన మా ఆఫీసులో నాకు పై అధికారి. మాలాగే కోస్తానుంచి ఉద్యోగానికి వచ్చినవారు. కిషన్‌బాగ్‌లో ఇల్లు కట్టుకుని అక్కడే రిటైరయ్యారు. ఒక్కడే కొడుకు వంశీధర్. కార్ల పిచ్చి. ఎవరో కొన్నాళ్లు వాడి అమ్మేసిన విదేశీ కారు ఒకటి ముచ్చటపడి కొన్నాడు. ఆ ఏడు దసరాకి దానికి ఘనంగా పూజ చేశారు. దీపావళి లోపే జ్వరమని ఆస్పత్రిలో చేరాడు, మళ్లీ ఇంటికి రాలేదు.

వేసవి మొదట్లో మూర్తిగారు మా ఇంటికి వచ్చారు. మనిషి సగమైపోయారు. మంచినీళ్లు తాగి గ్లాసు కింద పెట్టారు.

"మా ఆవిడ మధ్యాహ్నాలు కారు షెడ్డులోనే ఉంటోందోయ్ సోమశేఖర్" అన్నారు.

"బెంగ సార్. కొన్నాళ్లు పోతే సర్దుకుంటారు" అన్నాను.

"బెంగ కాదు. వాడు భోజనానికి వచ్చే వేళకి కారు లోపలి లైటు వెలుగుతోంది. దానంతటదే. ఆవిడ వెళ్లి పక్క సీట్లో కూర్చుంటుంది. లైటు ఆరేదాకా రాదు."

నాకు కోపం వచ్చింది. పెద్దాయన కాబట్టి మింగాను. "ఎవరైనా మెకానిక్కుకి చూపించారా?" అని అడిగాను. చూపించారట. ఏదో సెన్సర్ పాడైందని, కొత్తది తెచ్చారట. మార్చడానికి వస్తే ఆవిడ వాళ్లని మళ్లీ షెడ్డు గుమ్మం తొక్కనివ్వలేదు. ఆ కొత్తది పెట్టెలోనే ఉంది. మూర్తిగారు తల దించుకుని, "నేనూ చూశానయ్యా ఆ లైటు. నేను కూడా వద్దనే అనుకున్నాను. కానీ ఈ మధ్య ఆవిడ షెడ్డులోంచి తలనొప్పితో, కళ్లు ఎర్రబడి వస్తోంది. భయంగా ఉంది" అన్నారు.

మర్నాడు సెలవు పెట్టి రామ్‌చందర్‌ని తీసుకుని వెళ్లాను. ఎండ దంచేస్తోంది. మేం వెళ్లేసరికి కిషన్‌బాగ్ వీధిలో నరపురుగు లేదు. ఇంటి పక్కనే రేకుల షెడ్డు. షట్టరు మోకాలి ఎత్తు వరకే లేచి ఉంది. మూర్తిగారు వరండాలోనే ఆగిపోయి, లోపలికి వెళ్లమని చెయ్యి చూపించారు. మేమిద్దరం వంగి దూరాం.

లోపల చీకటి, ఉక్క. నల్లటి కారు గోడకి ఆనినట్టు నిలబడి ఉంది. నేను ఇంకా నడుం నిటారు చేయకుండానే నాలుగు తలుపుల తాళాలూ ఒక్కసారి టక్కుమన్నాయి. డ్రైవరు వైపు అద్దం నెమ్మదిగా నాలుగు వేళ్ల మందం కిందికి జారి ఆగింది. ఎవరొచ్చారో చూడ్డానికి లోపలివాళ్లు దించినట్టే ఉంది. ఆ వెంటనే లోపల లైటు వెలిగింది. ఆ వెలుతురులో ఎడమ సీట్లో మూర్తిగారి భార్య రాజరాజేశ్వరిగారు కూర్చుని ఉన్నారు. మా వైపు చూడలేదు. ఖాళీగా ఉన్న డ్రైవరు సీటు వైపు తిరిగి, చిన్నగా ఏదో చెబుతున్నారు.  నమ్మకం లేనివాడికి భయం ఉండదని ఎవరైనా అంటే నేనొప్పుకోను.

రామ్‌చందర్ నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. అతను ఆవిడ వంక చూడ్డం లేదు. ముక్కు ఎగబీలుస్తున్నాడు. అప్పుడు నాకూ తెలిసింది, కుళ్లిన గుడ్ల వాసన. కారు వెనక నేలమీద ఒక పాత ఛార్జరు గుంయ్‌మంటోంది. దాని వైర్లు సగం తెరిచిన డిక్కీలోకి వెళ్లాయి. పైన గూట్లో వంశీధర్ ఫొటో, ఫొటో ముందు దీపం.

"సారూ, ఏం ముట్టకు. స్విచ్చు గిట్ల అస్సలు ముట్టకు" అన్నాడు మెల్లగా. ఆ తర్వాత కారు దగ్గరికి వెళ్లి, "అమ్మా, జర బయటికి రా. బ్యాట్రీ ఉడుకుతున్నది" అన్నాడు.

ఆవిడ అతన్ని ఎగాదిగా చూశారు. "ఎవరు బాబూ నువ్వు? మళ్లీ పంపించారా? నేను రాను."

రామ్‌చందర్ వాదించలేదు. గూటి దగ్గరికి వెళ్లి దీపపు కుంది రెండు చేతులా తీశాడు. ఆవిడ గబగబా కారు దిగారు. "దీపం కొండెక్కించకు. వాడి దీపం అది" అన్నారు. "కొండెక్కిస్తలేనమ్మా. తావు మారుస్తున్న" అని అతను అడుగులో అడుగు వేసుకుంటూ వరండాలోకి తీసుకెళ్లాడు. దీపం వెనకాలే ఆవిడ కూడా బయటికి వచ్చారు. అతను దాన్ని గాలి తగలని మూల పెట్టి, మూర్తిగారితో, "ఇంటి మెయిన్ బందు చెయ్యుర్రి సారూ, మొత్తం" అన్నాడు. కరెంటు పోయింది, ఛార్జరు మోత ఆగింది. అప్పుడు షట్టరు పూర్తిగా ఎత్తి, షెడ్డు కిటికీ తెరిచి, గాలి ఆడేదాకా మమ్మల్నెవర్నీ లోపలికి రానివ్వలేదు.

విషయం ఏమిటంటే, బ్యాటరీ అయిపోతే లైటు వెలగదని ఆవిడే ఎవరితోనో ఛార్జరు పెట్టించుకున్నారు. అది రాత్రీపగలూ ఆగకుండా నడుస్తోంది. బ్యాటరీ మరిగి గ్యాసు వదులుతోంది. మూసిన షెడ్డు, పక్కన దీపం. ఇన్నాళ్లు ఎందుకు పేలలేదో రామ్‌చందర్‌కే అర్థంకాలేదు. నాకైతే మూర్తిగారి మీద పట్టరాని కోపం వచ్చింది. లైటు చూసి దండం పెట్టుకున్న మనిషికి ఛార్జరు కనిపించలేదా అని అడిగేశాను కూడా. 

డిక్కీలో చాప ఎత్తితే బ్యాటరీ కనిపించింది. పక్కలు ఉబ్బిపోయి ఉన్నాయి. మైనస్ కొస మీద ఉన్న సెన్సర్‌నే ఛార్జరు బిగింపు కరిచి పట్టుకుంది. ఆ డబ్బీ నల్లగా లేదు. పసుపుపచ్చగా, ఎర్రగా, మధ్యమధ్య ఆకుపచ్చగా పెచ్చుకట్టి ఉంది.

రామ్‌చందర్ వేలితో ముట్టకుండా చూపించాడు. "గిదేందమ్మా?"

"పసుపూ కుంకుమా" అన్నారావిడ. "దసరాకి నేనే పెట్టాను. కారుకి ప్రాణం ఇక్కడుందమ్మా అని వాడే చూపించాడు. కొబ్బరినీళ్లు కూడా పోశాను."

ఆ నీళ్లు, ఆ కుంకుమ డబ్బీలోకి దిగి, లోపల తుప్పు పట్టింది. మధ్యాహ్నం రేకులు కాలినప్పుడల్లా ఆ తుప్పు కదులుతుంది. సెన్సర్ పిచ్చి లెక్కలు చెబుతుంది. కారు ఉలిక్కిపడి లేస్తుంది. తాళాలు, అద్దాలు, లైటు, అన్నీ అందుకే. రామ్‌చందర్ ఇదంతా నిదానంగా చెప్పాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. కారణం దొరికింది కదా, ఇక మార్చేస్తే సరి అన్నాను.

రాజరాజేశ్వరిగారు డిక్కీకి అడ్డంగా నిలబడ్డారు. "మారిస్తే లైటు రాదు కదూ?"

"రాదమ్మా."

"అయితే వద్దు. ఛార్జరు ఉంచను, దీపం కూడా పెట్టను. దీన్ని మాత్రం ఇలాగే వదిలెయ్యి బాబూ. నీకు పుణ్యముంటుంది."

"బ్యాట్రీ ఉబ్బిందమ్మా. ఛార్జరు లేకున్నా ఇగ దాన్ని నమ్మరాదు."

"పోతే నేనే కదా పోయేది" అన్నారావిడ. 

రామ్‌చందర్ నేలమీద గొంతుక్కూర్చున్నాడు. పదిహేనేళ్లలో నేనెప్పుడూ వినని సంగతి అప్పుడు చెప్పాడు.

"మాది బర్రెల కొట్టం అమ్మా. దూడ సచ్చిపోతె బర్రె పాలియ్యది. మా బాపు ఏం చేసెటోడంటే, సచ్చిన దూడ తోలు తీసి, లోపట గడ్డి కుక్కి, కుట్టి, బర్రె ముంగట నిలవెట్టెటోడు. బర్రె దాన్ని నాకుకుంట పాలిడిసేది. పట్నంల అందరు గట్లనే జేస్తరు. ఒక బర్రె ఉండె మాకు. తోలు సింపులై గడ్డి బయటికొచ్చినా నాకుతుండె. మేతకు గూడ పోలె. దాని నోట్ల గడ్డే ఉండె, గా దూడ కడుపుల గడ్డి. నేను చూడలేక బర్రెలన్ని అమ్మేసిన."

 రేకులు ఎండకి చిటపటమంటున్నాయి. కారులో లైటు ఇంకా వెలుగుతూనే ఉంది.

"అది దూడ కాదని గేదెకి తెలుసా బాబూ?" అని అడిగారావిడ.

"తెలుసమ్మా. వాసన తెల్వదా దానికి? తెలిసే నాకేది."

ఆవిడ తల ఊపారు. "నాకూ తెలుసు" అన్నారు. కొంగుతో ముఖం తుడుచుకుని పక్కకి జరిగారు. "కానివ్వు."

రామ్‌చందర్ రబ్బరు తొడుగులు వేసుకున్నాడు, కళ్లద్దాలు పెట్టుకున్నాడు. తాళంచెవి ఇంట్లోకి పంపించేశాడు, దగ్గరగా ఉంటే కారు నిద్రపోదట. డిక్కీ తప్ప తలుపులన్నీ మూయించాడు. కరెంటు తీసేశాక డిక్కీ మూత పడితే మళ్లీ తెరుచుకోదని ఒక కర్ర ఆనించాడు. ఛార్జరు బిగింపులు తీశాడు. చాయ్ తాగాడు. కారు లైటు ఆరిపోయాక గానీ పానా పట్టుకోలేదు. ముందు మైనస్. సెన్సర్‌కి ఉన్న చిన్న ప్లగ్గు నొక్కి లాగి, నట్టు వదులుచేసి, దాన్ని తిప్పకుండా, తట్టకుండా, నిలువుగా పైకి ఎత్తాడు. ఆ తర్వాతే ప్లస్. ఉబ్బిన బ్యాటరీని మేమిద్దరం గోనెసంచిలో ఎత్తి పెరట్లో నీడన పెట్టాం.

నేను స్కూటరు మీద బహదూర్‌పురా వెళ్లి, అదే కొలత బ్యాటరీ కొని, తాళ్లతో కట్టుకుని వచ్చాను. అది దొరికేసరికి రెండు షాపులు తిరగాల్సి వచ్చింది. నేను వచ్చేసరికి అతను వంటసోడా నీళ్లతో వైరు కొసలన్నీ కడిగి, తీగల బ్రష్షుతో రుద్ది, పొడిగుడ్డతో తుడిచి, రెండో చాయ్ కూడా తాగేశాడు. డిక్కీలో బ్యాటరీ ఉండాల్సిన చోట ఖాళీ పళ్లెం ఉంది. ఇంటి మెయిన్ ఇంకా వెయ్యలేదు.

అప్పుడు కారు లోపలి లైటు వెలిగింది.

మిణుకుమిణుకుమనలేదు. ఎప్పుడూ వెలిగేటంత కాంతితోనే వెలిగింది. నేను రామ్‌చందర్ వంక చూశాను. అతని చేతిలో బ్రష్షు ఆగిపోయింది. వైర్లలో కొంచెం కరెంటు మిగిలి ఉంటుందా అని అడగబోయాను. అతనే నా ముఖం చూసి, "ఉంటది సారూ, జరసేపు. గింతసేపు ఉండది" అన్నాడు. ఆ తర్వాత ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆ మనిషి ఏ బండి దగ్గరా వెనక్కి అడుగు వెయ్యడం నేను చూడలేదు.

మూర్తిగారు వరండాలోంచి చూసి అక్కడే కూలబడ్డారు. నాకు పారిపోవాలని ఉంది. 

రాజరాజేశ్వరిగారు ఖాళీ డిక్కీ చూశారు. పెరట్లో గోనెసంచి చూశారు. లైటు వంక చూశారు. ఆవిడకి అంతా అర్థమైంది. ఇప్పుడు ఆవిడ వద్దంటే కాదని చెప్పే నోరు మా ఇద్దరికీ లేదు. అదే ఆవిడ అంటారని నేను ఎదురుచూశాను.

ఆవిడ కారు చుట్టూ నడిచి డ్రైవరు వైపు వెళ్లారు. నాలుగు వేళ్లు దిగి ఉన్న అద్దం మీద చెయ్యి వేసి, ఆ సందు దగ్గరికి వంగారు.

"ఇంక చాల్లే నాన్నా. ఎండన పడి రాకు" అన్నారు.

లైటు ఉంది. ఆవిడ వెనక్కి వచ్చి, పెట్టెలోంచి కొత్త సెన్సర్ తీసి, రామ్‌చందర్ చేతికిచ్చారు. "గట్టిగా బిగించు బాబూ. వదులుగా ఉంటే వాడికి నచ్చదు."

రామ్‌చందర్ దాన్ని అందుకున్నాడు. "మస్తు గట్టిగ బిగిస్తె పలుగుతదమ్మా. ఎంత గావాలెనో గంతే."

"అంతే చాలు" అన్నారావిడ.

మేం బ్యాటరీ ఎత్తి పళ్లెంలో కూర్చోబెట్టేలోపు ఎప్పుడో లైటు ఆరిపోయింది. అతను గ్యాసు పోయే గొట్టం తగిలించి, ముందు ప్లస్ బిగించాడు, చివర మైనస్. సెన్సర్‌ని వేళ్లతో అడుగుదాకా నొక్కి, నట్టు కొద్దిగా తిప్పి, చిన్న ప్లగ్గు పెట్టాడు. డిక్కీలో ఉండే చిన్న బల్బు వెలిగింది, మూత తెరిచి ఉంది కాబట్టి అది వెలగాల్సిందే. కారు లోపల మాత్రం చీకటిగానే ఉంది. రాత్రంతా తాళం వేసి కదపకుండా ఉంచితే సెన్సర్ కొత్త బ్యాటరీ లెక్క నేర్చుకుంటుందని, ఆ తర్వాత కంపెనీ వర్క్‌షాపులో కంప్యూటరుతో కారుకి కొత్త బ్యాటరీ సంగతి చెప్పించాలని, అది తన వల్ల కాదని మూర్తిగారికి చెప్పాడు. 

తిరుగుదారిలో రామ్‌చందర్‌ని షాపు దగ్గర దింపి ఇంటికి వచ్చేశాను.  మర్నాడు సాయంత్రం ఆగలేక మూర్తిగారికి ఫోన్ చేశాను. మధ్యాహ్నం లైటు వెలిగిందా అని అడిగాను. తెలీదన్నారు. ఆవిడ చూడ్డానికి వెళ్లలేదట.